ఒక్క కంటికే మందు

గాలెటన్, పెన్సిల్వేనియా
26 ఏప్రిల్ 1999

ఎమెట్‌కి,

ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. ఫోన్‌లో నేను అరుస్తాను, నువ్వు "అక్కా, అక్కా" అంటూ ఉంటావు, మధ్యలో మీ ఆవిడ అందుకుని మీ ఊళ్ళో చలి తగ్గిందా అని అడుగుతుంది. చెప్పాల్సింది చెప్పకుండానే పెట్టేస్తాం. అందుకే కాగితం.

మంగళవారం ఆర్డిత్ కెస్లర్ ఫోన్ చేసింది. సెట్టర్ వేటకుక్కల క్లబ్బు అంతా తన గుప్పిట్లో ఉన్నట్టు మాట్లాడే మనిషని నీకు తెలుసుగా. "వెర్నా, నీ కుక్కపిల్లలకి కళ్ళు పోయే జబ్బట కదా? తండ్రి మా రాయల్ అని మాత్రం ఎక్కడా అనకమ్మా, మా కుక్కకి మచ్చ వస్తుంది" అంది. ఆ తర్వాత ఇద్దరు చేశారు. కౌడర్స్‌పోర్ట్ ఆయన తను కొన్న పిల్లని వెనక్కి తెచ్చేస్తానన్నాడు. దాని కళ్ళు బాగానే ఉన్నాయని నువ్వే చెప్పావు!

ఈస్టరుకి వచ్చావు, సాయంత్రం కొట్టంలో పిల్లల కళ్ళల్లోకి టార్చి కొట్టి చూశావు, రక్తం పట్టుకెళ్ళావు. ఏడింటిలో మూడింటికి జబ్బన్నావు. ఆ సంగతి తెలిసింది నీకు, నాకు, డెల్‌కి. డెల్ ఎవరితోనూ అనడు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో నాతోనే ఏమీ అనలేదు. ఇంక మిగిలిందెవరు?

నిన్ను నమ్మి ఆ మూడింటిలో టాన్సీని, రోవన్‌ని నీ కారెక్కించాను. మందు వేస్తే కళ్ళు నిలుస్తాయన్నావని ఎక్కించాను. మూడోది, బిర్డీ, నా దగ్గరే ఉంది. చీకటి పడితే నీళ్ళ గిన్నెలో కాలేస్తోంది. వాళ్ళిద్దరూ ఎలా ఉన్నారో రాయి. క్లబ్బుకి ఎవరు చెప్పారో కూడా రాయి.

మేపుల్ చెట్ల పాకం ఈ ఏడు పల్చగా వచ్చింది. సీసా పంపుదామనుకున్నాను. ఇప్పుడు పంపబుద్ధి కావడం లేదు.

నీ అక్క,
వెర్నా

---

లాంకాస్టర్
4 మే 1999

అక్కా,

క్లబ్బుకి రాసింది నేనే. నీ పేరు రాయలేదు. ఉత్తర పెన్సిల్వేనియాలో ఎర్ర సెట్టర్లన్నిటికీ రక్త పరీక్ష చేయించడం మంచిదని కార్యదర్శికి రాశాను, అంతే. ఆ కార్యదర్శి ఆర్డిత్ అని నాకు తెలియదు. కళ్ళ ల్యాబులో పనిచేసే తమ్ముడు ఎవరికున్నాడో ఆవిడ ఇట్టే లెక్క కట్టి ఉంటుంది.

ఆవిడ కుక్కకీ మచ్చ ఉంది, అది మాత్రం గట్టిగా చెప్పు. ఈ జబ్బు తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం వస్తుంది. రెండు సగాలూ కలిస్తేనే కన్ను పోతుంది. ఒక్క సగమే ఉన్న కుక్క హాయిగా వేటకి వెళ్తుంది, పిల్లలకి పంచుతుంది. అంటే రాయల్‌లో ఉంది, పిల్లల తల్లి, నీ జూనిపర్‌లోనూ ఉంది. నీ మగకుక్క సార్జెంట్‌కి, మిగతా పెద్దవాటికి కూడా రక్తం తీయించు. అమ్మినవాళ్ళకి చెప్పు.

ఇంకో మాట. "నిలుస్తాయి" అని నేననలేదు. "మెల్లగా పోతాయి" అన్నాను. గ్రోత్ ఫ్యాక్టర్ అంటే ఒంట్లోనే తయారయ్యే పదార్థం, కణాల్ని తొందరగా చావనివ్వదు. దాన్ని తయారుచేసే కణాల్ని బియ్యపు గింజకన్నా చిన్న గొట్టంలో పెట్టి ఏప్రిల్ మధ్యలోనే కంట్లో అమర్చాం. కుడి కంట్లో మందున్న గొట్టం, ఎడమ కంట్లో ఖాళీ గొట్టం. ఏడు వారాలు అయ్యాక రెండు కళ్ళూ మైక్రోస్కోపు కింద చూస్తాం. తేడా ఉందో లేదో అప్పుడు తేలుతుంది.

ఇద్దరూ కులాసా. రోవన్ చేతి తొడుగులు దొంగిలిస్తున్నాడు. టాన్సీ ఎవరొచ్చినా బూటు మీద కూర్చుంటుంది, లేవదు.

పాకం సంగతి నీ ఇష్టం. బావకి నమస్కారాలు.

ఎమెట్

---

గాలెటన్
12 మే

డాక్టరు గారికి,

నీ ఉత్తరం డెల్‌కి చదివి వినిపించాను. "ఎడమ కంట్లో ఖాళీ గొట్టం" దగ్గర ఆగిపోయాను. మళ్ళీ చదవమన్నాడు. మళ్ళీ చదివాను.

ఖాళీ గొట్టం ఎందుకురా? మందు ఉందిగా నీ దగ్గర! రెండు కళ్ళున్న జీవానికి ఒక కంట్లో మందు పెట్టి, రెండో కంటిని గుచ్చి, అందులో ఏమీ పెట్టకుండా కుట్టేస్తావా? అది పోతుంటే పక్కన కూర్చుని చూస్తావా? ఇదే పని మన పక్కింటివాడు చేస్తే షెరీఫ్‌ని పిలుస్తాం. పోల్చి చూడాలంటావు, తెలుసు. అంత తెలివితక్కువదాన్ని కాను. పోల్చుకోవడానికి వేరే కుక్క కళ్ళు చూసుకో. టాన్సీకి ఉన్నవి రెండే.

జూనిపర్‌లో ఏ జబ్బూ లేదు. దాని అమ్మ పదమూడేళ్ళు బతికి, చచ్చే ఏడు కూడా పొదలో దాక్కున్న పిట్టని చూపించింది. జబ్బు ఆర్డిత్ కుక్కది. నా వాటికెవరూ సూది గుచ్చక్కర్లేదు.

మైక్రోస్కోపు విషయం. టాన్సీ దాని ముందు కదలకుండా కూర్చోదు. చెవి వెనక గోకుతూ ఉంటే కాసేపు ఆగుతుంది, అది చూసేవాళ్ళకి చెప్పు. కౌడర్స్‌పోర్ట్‌లో కంటి డాక్టరు నా గడ్డం ఓ యంత్రం మీద పెట్టించి లైటు వేస్తే రోజంతా నీళ్ళు కారాయి. పిల్లలకి ముందుగానే కంట్లో చుక్కలు వెయ్యండి.

ఏడు వారాలంటే జూన్ మొదట్లో అయిపోతుంది. మేమే వచ్చి తీసుకెళ్తాం. డెల్ పెరట్లో కంచె వేశాడు. కంచెకి బారెడు ఇవతల చుట్టూ చెక్కపొట్టు పోశాడు. కాలికి పొట్టు తగిలితే అంచు దగ్గరికొచ్చామని తెలుస్తుందట. బిర్డీ ఒక్కరోజులో నేర్చుకుంది.

వెర్నా

---

లాంకాస్టర్
1 జూన్ 1999

అక్కా,

మూడు రోజులుగా ఫోన్ చేస్తున్నాను. నువ్వు ఎత్తడం లేదు. నామీద కోపం ఉందని తెలుసు. కానీ ఇది ఫోన్‌లోనే చెప్పాల్సిన సంగతి. నువ్వు ఎత్తడం లేదు గనక రాస్తున్నాను.

మైక్రోస్కోపు కింద చూడటమంటే నువ్వనుకున్నది కాదు. కంటి వెనక పొరలో ఎన్ని కణాలు మిగిలాయో బయటినుంచి కనిపించదు. కంటిని తీసి, పల్చటి ముక్కలుగా కోసి, రంగు వేసి చూడాలి. అలా చూడాలంటే కుక్క బతికి ఉండదు. పిల్లల్ని తీసుకెళ్ళిన రోజు నీ వంటింట్లో "చివర్లో కళ్ళు మైక్రోస్కోపు కింద పెడతాం" అన్నాను. నువ్వు తలూపావు. నీకు అర్థమైందనుకున్నాను. నీ ఉత్తరంలో చుక్కల సంగతి చదివాక అర్థం కాలేదని తెలిసింది.

రోవన్‌ది ఇవాళ పొద్దున అయింది. నిద్రమందుతో, నొప్పి లేకుండా. నేనే పట్టుకున్నాను. టాన్సీది గురువారం.

నా దగ్గరికి లోరెన్ అని ఒకాయన వస్తుంటాడు. బస్సు డ్రైవరు. ముప్ఫై నాలుగేళ్ళు. కుక్కలకి వచ్చే ఈ జబ్బే, మనుషులకి వచ్చే రూపంలో, ఆయనకి వచ్చింది. గొట్టంలోంచి చూస్తున్నట్టు మధ్యలో మాత్రమే కనిపిస్తుంది. ఆ మధ్యది కూడా కుంచించుకుపోతోంది. "పదేళ్ళు ఆపగలరా డాక్టర్? మా పిల్ల బడి పూర్తయ్యేదాకా?" అని అడుగుతాడు. ఆయనకి నేను ఏదో ఒక జవాబు చెప్పాలి. ఆ జవాబు కుక్క కంట్లోంచే రావాలి. వేరే దారి ఉంటే అటే వెళ్ళేవాణ్ణి.

ఒక్కసారి ఫోన్ ఎత్తు.

ఎమెట్

---

గాలెటన్
7 జూన్

ఎమెట్,

నీ ఉత్తరం శనివారం వచ్చింది. అంటే గురువారం అయిపోయాక. అయినా బయల్దేరాం. వాయిదా పడిందేమోనని, మిషను పాడైందేమోనని, నీకు జ్వరమొచ్చిందేమోనని, దారి పొడుగునా ఏవో ఒకటి అనుకుంటూనే ఉన్నాను. డెల్ నాలుగు గంటలు నోరు విప్పకుండా నడిపాడు.

మీ గేటు దగ్గర కాపలావాడు ఉన్నాడు. పాపం చిన్నవాడు, మర్యాదస్తుడు.

"ఎవరి కోసమమ్మా?"

"టాన్సీ కోసం."

వాడు కాగితాలు తిరగేశాడు. "టాన్సీ ఏ డిపార్ట్‌మెంటమ్మా?"

"కళ్ళు" అన్నాను.

"శనివారం ఎవరూ ఉండరు. సోమవారం రండి, ఆవిడ వస్తారేమో" అన్నాడు.

నేను అక్కడ ఏమేం అన్నానో నాకే గుర్తులేదు. డెల్ వచ్చి చెయ్యి పట్టుకుని కారు దాకా నడిపించాడు. వెనక్కి వచ్చేటప్పుడు పెట్రోలు పోయించుకునే చోట ఆగాం. అప్పుడు నోరు తెరిచాడు. "దాని కాలరైనా అడగాల్సింది" అన్నాడు.

ఫోన్ ఎత్తలేదంటావు. ఆర్డిత్ బృందం తినేస్తుంటే ఏప్రిల్లోనే ప్లగ్గు పీకేశాను. నీమీద కోపంతో కాదు. నీమీద కోపం ఇప్పుడొచ్చింది. నేను చుక్కల గురించి రాసిన ఉత్తరం నీకు మే నెల మధ్యలో అంది ఉంటుంది. రెండు వారాలు ఏం చేశావు? కారు లేదా? నాలుగు గంటల దారే కదా? పిల్లల్ని ఎక్కించుకోవడానికైతే వచ్చావుగా! రోవన్ని చంపిన రోజు ఉత్తరం రాశావు, అది నాకు అందేలోపు రెండోదీ అయిపోయేట్టు.

ఆ బస్సు డ్రైవరు వెనక దాక్కోకు. ఆయన మీద నాకేం కోపం లేదు. ఆయన వచ్చి అడిగినా నేను కూర్చోబెట్టి మాట్లాడేదాన్ని. "అమ్మా, నీ కుక్కని చంపితే నా కన్ను బాగుపడొచ్చు" అని ఆయన చెప్పి ఉండేవాడు. నువ్వు చెప్పలేదు. చంపుతాం. మూడే మూడు అక్షరాలు. నా వంటింట్లో, నా కాఫీ తాగుతూ, ఆ మూడక్షరాలూ మింగేసి మైక్రోస్కోపు అన్నావు.

రావద్దు. రాయొద్దు.

---

లాంకాస్టర్
21 జూన్ 1999

అక్కా,

రాయొద్దన్నావు. రాస్తున్నాను. చించేస్తే చించెయ్.

నీకు తెలియాల్సింది ముందు చెప్తాను. ఎడమ కళ్ళల్లో, అంటే మందు లేని కళ్ళల్లో, కణాల వరసలు రెండో మూడో మిగిలాయి. కుడి కళ్ళల్లో ఐదారు. రోవన్‌కీ అంతే, టాన్సీకీ అంతే. ఒకే కుక్క, ఒకే రక్తం, ఒకే తిండి, రెండు కళ్ళకి ఉన్న తేడా మందు ఒక్కటే. అందుకే ఖాళీ గొట్టం. వేరే కుక్కతో పోల్చి ఉంటే ఇది ఇంత గట్టిగా చెప్పగలిగేవాళ్ళం కాదు.

రెండోది కూడా చెప్తాను, దాస్తే మళ్ళీ మింగేశానంటావు. కంట్లో కరెంటు కొలిచే పరీక్షలో తేడా కనిపించలేదు. కణాలు బతికున్నాయి. అవి చూస్తున్నాయా అంటే, చెప్పలేను.

ఇప్పుడు నా కోపం విను. ఆ రెండు వారాలూ రోజూ పెన్ను పట్టుకున్నాను. ఏం రాయాలో తెలియలేదు. అది పిరికితనమే, పేరు పెట్టడానికి నువ్వక్కర్లేదు. కానీ నువ్వేం చేస్తున్నావు? ఆ ఈతలోనే నాలుగు పిల్లల్ని అమ్మావు. వాటిలో రెండు మూడింటిలో ఆ సగం జబ్బు ఉండే ఉంటుంది. కొన్నవాళ్ళలో ఒక్కరికైనా చెప్పావా? అవి రేపు ఇంకో మచ్చ ఉన్న కుక్కతో కలుస్తాయి. పిల్లలు పుడతాయి. ఎవరి వంటింట్లోనో గోడలకి గుద్దుకుంటాయి. అక్కడ ఏ కంటికీ మందు ఉండదు. నేను రెండు కుక్కల్ని చంపాను, లెక్క చెప్తున్నాను. నువ్వు ఎన్నింటి కళ్ళు పోగొట్టబోతున్నావో నీకు తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు. ఆర్డిత్‌కీ నీకూ తేడా ఏముంది?

ఆ కాపలా కుర్రాడు సోమవారం నా దగ్గరికొచ్చి, "సార్, టాన్సీ గారి బంధువులు వచ్చారు" అన్నాడు. నేను నవ్వలేదు. కాలర్ బావ పేరు మీద వేరే పంపాను.

ఎమెట్

---

గాలెటన్
30 జూలై

డాక్టరు గారూ,

కాలర్ అందింది. డెల్ దాన్ని ఎక్కడ పెట్టుకున్నాడో నాకు చెప్పలేదు, నేనడగలేదు.

"ఆర్డిత్‌కీ నీకూ తేడా ఏముంది" అన్న వాక్యం నెల రోజుల నుంచీ నన్ను వదలడం లేదు. జవాబు మాటల్లో కాదు, చేతల్లో ఇద్దామనుకున్నాను. జూనిపర్ ఎదకొచ్చింది. ఆదివారం సార్జెంట్‌తో జత కట్టించాను. సెప్టెంబరు చివర్లో పిల్లలు పుడతాయి. ఒక్కదానికీ జబ్బుండదు. అప్పుడు వాటిని బుట్టలో పెట్టుకుని ఆర్డిత్ ముందు, నీ ముందు దించుతాను. తప్పు ఎవరి కుక్కదో కళ్ళున్నవాళ్ళందరూ చూస్తారు.

బతికున్న కణాలు, కానీ చూస్తున్నాయో లేదో తెలియదు! భలే. దీనికోసమా బూటు మీద కూర్చునే పిల్లని చంపింది? లోరెన్‌కి ఏం చెప్పావు? "అయ్యా, నీ కణాలు బతుకుతాయి, నీకేం కనిపించకపోవచ్చు" అన్నావా?

బిర్డీకి పగలు కూడా మసకే ఇప్పుడు. డెల్ బూట్ల చప్పుడు వెంట తిరుగుతుంది. ఆయన కావాలని కాళ్ళీడ్చి నడుస్తున్నాడు. కొత్త బూట్లు అరిగిపోతున్నాయని నేను సణుగుతున్నాను. ఆయన వినిపించుకోడు.

వెర్నా

---

లాంకాస్టర్
27 ఆగస్టు 1999

అక్కా,

కూర్చుని చదువు. బావని కూడా కూర్చోబెట్టు, ఎందుకంటే ఇందులో ఆయన చేసిన పని ఉంది.

జూలై మొదటి వారంలోనే బావ జూనిపర్‌నీ సార్జెంట్‌నీ మీ ఊరి పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి రక్తం తీయించాడు. నాకు పంపించాడు. పెట్టె మీద చీటీ: "ఆవిడ నిన్ను నమ్మడం లేదు. రక్తాన్ని నమ్ముతుందేమో. డెల్." అంతే. ఆయన అంత పొడుగు ఉత్తరం రాయడం నేనెప్పుడూ చూడలేదు.

ఫలితం నిన్న వచ్చింది. మా దగ్గర బయటి కుక్కల పరీక్షలు వరసలో ఉంటాయి, ముందుకి తోయలేకపోయాను. జూనిపర్‌లో ఉంది. సార్జెంట్‌లోనూ ఉంది. నువ్వు తొందరపడకుండా ఉంటే బాగుండేది. నేను ముందే గట్టిగా చెప్పి ఉన్నా బాగుండేది. పుట్టబోయేవాటిలో నాలుగింట ఒకదానికి కళ్ళు పోతాయి. మూడింటికి పోవచ్చు, ఒక్కదానికీ పోకపోవచ్చు, అది ముందుగా తెలియదు.

సంతోషించి రాయడం లేదు. నువ్వలా అనుకుంటావని తెలిసే చెప్తున్నాను.

పోయిన వారం ఒహాయో వెళ్ళాను. ఒకావిడ దగ్గర ఈ జబ్బున్న కుక్కపిల్లలు రెండున్నాయని తెలిసి. వంటింట్లో కూర్చోబెట్టి బంగాళదుంప సూపు పోసింది. చెంచా ముట్టుకోకముందే చెప్పాను. "మందు ఒక్క కంట్లోనే పెడతాం. చివర్లో చంపుతాం" అని. ఆవిడ సూపు గిన్నె నా ముందునుంచి తీసేసింది. "నా ఇంట్లోంచి లేచి వెళ్ళు" అంది. లేచి వచ్చేశాను. ఆ రెండు కుక్కలూ లేకపోవడంతో మా పని ఆగిపోయింది. మా ల్యాబు పెద్దాయన "చంపుతాం అన్న మాట వాడమని నీకెవరు చెప్పారయ్యా?" అని అందరి ముందూ కేకలేశాడు. "మా అక్క" అన్నాను.

లోరెన్‌కి నువ్వు రాసినట్టే చెప్పాను, ఆ మాటలతోనే. "బతికుంటే కదా, చూడటం సంగతి తర్వాత ఆలోచించేది" అన్నాడు. మంచి జవాబో కాదో నాకు తెలియదు.

ఎమెట్

---

గాలెటన్
15 సెప్టెంబరు

ఎమెట్,

డెల్‌తో పది రోజులు మాట్లాడలేదు. ఆయనకి ఆ తేడా తెలిసినట్టు లేదు. చివరికి నేనే అడిగాను, "నా వెనక నా కుక్క రక్తం తీయిస్తావా?" అని. "నీ ముందు తీయనిస్తావా మరి?" అన్నాడు. చేతిలో ఉన్న పెనం విసరబోయి, పొయ్యి మీద పెట్టేశాను.

సార్జెంట్ ఇప్పటిదాకా ఐదు ఈతలకి తండ్రి. ఫోన్ ప్లగ్గు మళ్ళీ గుచ్చి అందరికీ ఫోన్ చేశాను. దొరికినవాళ్ళకి చెప్పాను, దొరకనివాళ్ళ కోసం ఇంకా చేస్తున్నాను. ఒకాయన తిట్టాడు. ఒకావిడ, "మా కుక్క మెట్లు దిగనని మొరాయిస్తుంటే పొగరనుకుని కొట్టానండీ" అని ఏడ్చింది. ఆవిడతో పాటు నేనూ ఏడ్చాను, తర్వాత ఇద్దరం కలిసి నిన్ను తిట్టుకున్నాం. ఎందుకో తెలియదు. ఎవరో ఒకర్ని తిట్టాలి.

నిన్న క్లబ్బు సమావేశం, ఫైర్‌స్టేషన్ హాల్లో. లేచి నిలబడి చెప్పాను. "నా జూనిపర్‌లో ఉంది. నా సార్జెంట్‌లో ఉంది. మందు కోసమని రెండు పిల్లల్ని ఇచ్చాను, వాటిని చంపారు. ఒకటి ఇంట్లో గుడ్డిదై తిరుగుతోంది. మీ కుక్కల్లో ఏముందో మీకు తెలుసా?" అన్నాను. ఆర్డిత్ పళ్ళెంలో కేకు ముక్క వైపు చూస్తూ కూర్చుంది. "ఆర్డిత్, రాయల్‌ని రేపు డాక్టరు దగ్గరికి తీసుకెళ్తావా, నేను వచ్చి తీసుకెళ్ళనా?" అన్నాను. "అరవకు వెర్నా" అంది. అరిచాను. హాలు బయటికి వినపడిందట. ఇవాళ పొద్దున్నే నలుగురు ఫోన్ చేసి రక్తం ఎక్కడ తీయించాలని అడిగారు. ఆర్డిత్ చెయ్యలేదు.

నీమీద కోపం పోలేదు. పోతుందని కూడా అనుకోవడం లేదు. పెరట్లో ఆ చెక్కపొట్టు మీద నడిచినప్పుడల్లా వస్తుంది, దాన్ని అలాగే రానిస్తున్నాను.

జూనిపర్ పొట్ట నేలకి ఆనుతోంది. పది రోజుల్లో ఈనుతుంది. పిల్లల కళ్ళు తెరుచుకున్నాక రక్తం తీయడానికి నువ్వే రా. ఊళ్ళో డాక్టరు చేతులు మోటు. కారులో బోను మాత్రం పెట్టుకుని రావద్దు. జబ్బున్నది పుడితే నీకిస్తానో ఇవ్వనో నాకింకా తెలియదు. ఇవ్వమని అడగాలనుంటే, ఒహాయోలో అడిగినట్టే మొత్తం చెప్పి అడుగు, కాకపోతే గుమ్మం బయట నిలబడి. ఆవిడలాగే నేనూ పొమ్మంటానేమో, మొహం మీద తలుపు వేసేస్తానేమో.

అయినా రా.

వెర్నా